ఒక డిస్క్, ఇద్దరు హక్కుదారులు: క్లస్టర్‌లో స్టోరేజ్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

నెలాఖరు మధ్యాహ్నం. విశాఖపట్నంలో ఓడరేవు సరుకుల లెక్కలు చూసే ఒక కార్యాలయం. డేటాబేస్ ఉన్న డ్రైవ్ నిండిపోవచ్చిందని స్టోరేజ్ చూసేవాళ్లు ముందురోజే ఒక కొత్త డిస్క్ ఇచ్చారు. మొదటి సర్వర్‌లో ఎవరో దానికి ఎన్ అనే అక్షరం ఇచ్చి ఫార్మాట్ కూడా చేశారు. ఫోల్డర్ తెరుచుకుంటోంది, ఖాళీ జాగా కనిపిస్తోంది. తీరా అందులో డేటాబేస్ ఫైల్ ఒకటి చేర్చబోతే, డేటాబేస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ససేమిరా అంది. తెర మీద 5184 అనే అంకెతో ఎర్రటి సందేశం. క్లస్టర్‌లోని సర్వర్‌కు ఈ ఫైల్ పనికిరాదని, ఆ డిస్క్ మీద ఈ సర్వర్‌కు డిపెండెన్సీ, అంటే డిస్క్ లేచాకే సర్వర్ లేవాలనే లంకె, లేదని దాని సారాంశం. ఒకటి పడిపోతే మరొకటి అందుకునేలా జతకట్టిన సర్వర్లనే క్లస్టర్ అంటారు.

నా పక్క కుర్చీలో ఉన్న కుర్రాడు అప్పటికే రెండో నోడ్‌లోకి, అంటే క్లస్టర్‌లోని రెండో సర్వర్‌లోకి, లాగిన్ అయ్యాడు. "మేడమ్, దొరికింది! ఇక్కడ ఆ డిస్క్ ఆఫ్‌లైన్‌లో ఉంది. అందుకే ఒప్పుకోవడం లేదు. ఆన్‌లైన్ చేస్తున్నాను" అన్నాడు. మౌస్ ఆ మాట మీదే ఉంది.

"ఆగు బాబూ. ముందు మౌస్ మీద నుంచి చెయ్యి తీయి" అన్నాను.

ఆ ఒక్క నొక్కు ఎందుకు అంత ప్రమాదమో వివరించడానికే ఈ వ్యాసం. పంచుకునే డిస్క్‌ల చిక్కుల్లో నేను చూసిన పెద్ద నష్టాలు డిస్క్ చెడిపోవడం వల్ల వచ్చినవి కావు. క్లస్టర్ ఏదో ఒక కారణంతో ‘కాదు’ అంటే, ఆ కారణం తెలుసుకోకుండా దానిచేత బలవంతంగా ‘అవును’ అనిపించడం వల్ల వచ్చినవి.

ఆఫ్‌లైన్ అంటే చెడిపోయిందని కాదు

క్లస్టర్ అనగానే చాలామంది రెండు సర్వర్లు కలిసి ఒకే డిస్క్ మీద పని చేస్తాయని ఊహించుకుంటారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫెయిలోవర్ క్లస్టర్ విషయంలో అది సరికాదు. డిస్క్‌కు తీగలు రెండు సర్వర్ల నుంచీ వస్తాయి, కానీ ఏ క్షణంలోనైనా దాన్ని వాడేది ఒక్కటే. రెండోది చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. మొదటిది పడిపోతే అప్పుడు అందుకుంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలన్న మాట ఇక్కడ అక్షరాలా సాంకేతిక నియమం.

ఎందుకు ఇమడవో దగ్గరగా చూద్దాం. డిస్క్ మీద ఏ గడి ఖాళీగా ఉందో, ఏ ఫైల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాసుకునే పట్టిక విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ దగ్గర ఉంటుంది. సర్వర్ ప్రతిసారీ డిస్క్ దగ్గరకు వెళ్లి ఆ పట్టిక చదవదు. ఒకసారి చదివి తన మెమరీలో దాచుకుని, దాన్నే నమ్ముకుని పని చేస్తుంది. ఇప్పుడు రెండు సర్వర్లూ అదే డిస్క్‌ను తెరిచాయనుకోండి. వెయ్యో గడి ఖాళీ అని రెండింటి పట్టికల్లోనూ ఉంది. మొదటిది అక్కడ డేటాబేస్ పేజీ రాసింది. ఆ సంగతి రెండోదానికి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. కాసేపటికి రెండోది తన లాగ్ ఫైల్ ముక్కను అక్కడే రాసింది. ఎర్రదీపం వెలగదు, గంట మోగదు. రెండు రోజుల తరువాత ఎవరో ఒక బిల్లు తెరిచినప్పుడు, పేజీలో ఉన్నది సరికాదని చెప్పే 824 అనే లోపం బయటపడుతుంది. అప్పటికి ఆ పాడు బ్యాకప్‌లలోకి కూడా చేరిపోయి ఉంటుంది.

కాబట్టి రెండో నోడ్‌లో డిస్క్ ఆఫ్‌లైన్ అని కనిపించడం రోగం కాదు, ఆరోగ్య లక్షణం. విండోస్ సర్వర్‌కు శాన్ పాలసీ అనే ఏర్పాటు ఉంది. పంచుకునే తీగ మీద వచ్చిన డిస్క్ ఏదైనా సరే, మనిషి చెప్పనిదే తెరవకూడదని సాధారణంగా అందులో ఉంటుంది. మా కుర్రాడు తప్పని భావించింది, ఆ రోజు ఆ డేటాకు ఉన్న ఒకే ఒక్క కాపలా. ఒకే ఒక్కటి అని ఎందుకు అంటున్నానో తరువాత చెబుతాను.

ఎవరి హక్కో చెప్పేది ఎవరు

ఇద్దరిలో ఇప్పుడు ఎవరి వంతో తేల్చేది రిజర్వేషన్. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన లోపలి ఓడరేవుకు వెళ్లే ఇరుకు కాలువను చూసినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఆ దారిలో రెండు పెద్ద ఓడలు ఎదురెదురుగా రాకూడదు. ఎవరు కదలాలో ఓడల కెప్టెన్లు తమలో తాము వాదించుకుని తేల్చుకోరు, ఓడరేవు చెబుతుంది. క్లస్టర్‌లో ఓడరేవు స్థానం స్టోరేజ్ పెట్టెది. ప్రతి నోడ్ తన తాళంచెవి లాంటి ఒక సంఖ్యను ఆ పెట్టె దగ్గర నమోదు చేసుకుంటుంది. హక్కు దక్కిన నోడ్ పేరిట పెట్టె రిజర్వేషన్ రాసుకుంటుంది. నమోదు లేని నోడ్ ఏదైనా రాయబోతే పెట్టే వెనక్కి పంపేస్తుంది.

ఈ పద్ధతి మొదటి నుంచీ ఇలా లేదు. మైక్రోసాఫ్ట్ 1997లో విండోస్ ఎన్‌టీ 4.0తో క్లస్టర్‌ను తెచ్చినప్పటి నుంచి విండోస్ సర్వర్ 2003 వరకు పాత తరహా స్కజీ (సర్వర్లు డిస్క్‌లతో మాట్లాడే పద్ధతి) రిజర్వేషన్లే నడిచాయి. హక్కు లాక్కోవాలంటే తీగ మొత్తాన్ని రీసెట్ చేయాల్సి వచ్చేది. ఒక డిస్క్ కోసం గొడవైతే ఆ తీగ మీదున్న మిగతావన్నీ ఉలిక్కిపడేవి. విండోస్ సర్వర్ 2008తో స్కజీ-3 పర్సిస్టెంట్ రిజర్వేషన్లు వచ్చి, తగాదా ఆ ఒక్క డిస్క్‌కే పరిమితమైంది. హక్కున్న నోడ్ 3 సెకన్లకోసారి తన నమోదు భద్రంగా ఉందో లేదో చూసుకుంటుంది. సవాలు చేసే నోడ్ పాత నమోదును తుడిచి 6 సెకన్లు ఆగుతుంది. పాతది బతికి ఉంటే ఆ లోపు తిరిగి వచ్చి తన పేరు రాసుకుంటుంది, సవాలు వీగిపోతుంది. రాలేదంటే అది పడిపోయినట్టే లెక్క, హక్కు కొత్తదానిది.

స్టోరేజ్ కొత్తగా కొన్నప్పుడు పర్సిస్టెంట్ రిజర్వేషన్లకు మద్దతు ఉందా అని అడగకపోతే వచ్చే తలనొప్పి కూడా ఇక్కడిదే. డిస్క్ కనిపిస్తుంది, ఫార్మాట్ అవుతుంది, ఒంటరి సర్వర్‌లో చక్కగా పని చేస్తుంది. క్లస్టర్‌లో చేర్చగానే విఫలమవుతుంది. ఇలాంటి పెట్టెతో కుస్తీ పట్టి లాభం లేదు. సెట్టింగ్ ఉంటే మార్చాలి, లేకుంటే వేరే పెట్టె చూసుకోవాలి.

‘కాదు’ అన్నది ఏ మెట్టు?

డేటాబేస్ ఫైల్‌కూ, ఆ ఫైల్ నిజంగా నివసించే చోటుకూ మధ్య ఎన్నో మెట్లున్నాయి. అడుగున స్టోరేజ్ పెట్టె. దాని నుంచి స్విచ్, తీగలు, సర్వర్‌లోని కార్డు. ఒక డిస్క్‌కు ఉన్న రెండు మూడు దారులను ఒకటిగా కలిపి చూపించే మల్టీపాత్. దాని మీద విండోస్ డిస్క్. దాని మీద క్లస్టర్ రిసోర్స్, అంటే క్లస్టర్ తన అదుపులోకి తీసుకున్న డిస్క్. అక్కడి నుంచి డిపెండెన్సీ అనే గొలుసు. చివర డేటాబేస్. ‘డ్రైవ్ కనిపించడం లేదు’ అనే ఫిర్యాదు ఒక్కటే అయినా, అది ఈ మెట్లలో దేని నుంచైనా రావచ్చు. పై నుంచి కిందికి ఊహించుకుంటూ దిగడం కంటే, అడుగు నుంచి పైకి ఒక్కో మెట్టూ రూఢి చేసుకుంటూ ఎక్కడమే మేలని నా అనుభవం. పై మెట్టు కింది మెట్టును నమ్మి మాట్లాడుతుంది, కాబట్టి అది చెప్పే కారణం చాలాసార్లు పొరపాటు కారణమే.

మొదటి మెట్టులో అడగాల్సింది ఒకే ప్రశ్న: ఈ డిస్క్‌ను పెట్టె రెండు నోడ్‌లకూ ఇచ్చిందా? స్టోరేజ్ భాషలో ఈ ముక్కను లన్ అంటారు. ఏ లన్ ఏ సర్వర్‌కు కనిపించాలో పెట్టెలో ఒక జాబితా ఉంటుంది. కొత్త సర్వర్ కొన్నప్పుడో, కార్డు మార్చినప్పుడో ఆ జాబితాలో పాత కార్డు చిరునామానే మిగిలిపోతుంది. మొదటి నోడ్ మీద నెలల తరబడి అంతా సవ్యంగా నడుస్తుంది. ఒక రాత్రి అప్‌డేట్ల కోసం రెండో నోడ్‌కు మార్చినప్పుడు గానీ అక్కడ డిస్కే లేదని తెలియదు. ఈ తప్పు అందరికీ తెలిసిందే. అయినా మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే రెండో నోడ్‌ను ఎవరూ ఊరికే పలకరించరు.

రెండోది దారుల సంగతి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మల్టీపాత్ ఉన్నచోట రెండు తీగల్లో ఒకటి తెగినా పని ఆగదు. దాని గొప్పతనం అదే, దాని ప్రమాదమూ అదే. ఒక దారి పోయిన సంగతి వాడుకరికి తెలియదు, డేటాబేస్‌కు తెలియదు. ఎవరూ చూడకపోతే నిర్వాహకుడికీ తెలియదు. విశాఖ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలి, తేమ ఏ లోహాన్నీ వదలవు. ఏసీ సరిగ్గా నడవని సర్వర్ గదిలో కనెక్టర్ కొసలు మసకబారడం కళ్లారా చూశాను. ఒకచోట వెలుతురు తీగ (ఆప్టికల్ ఫైబర్) చివరి మాడ్యూల్ తీసి చూస్తే ముఖం మీద సన్నని దుమ్ము పొర ఉంది. పూర్తిగా చచ్చిపోయిన తీగ కంటే ఇలాంటి అరకొర తీగ ఎక్కువ హాని చేస్తుంది. చచ్చినదాన్ని మల్టీపాత్ వెంటనే పక్కన పెడుతుంది. చావనిదాని మీద మాత్రం పనులు పంపుతూ, జవాబు కోసం ఎదురుచూస్తూ, మళ్లీ పంపుతూ ఉంటుంది. బయటికి అది ‘డేటాబేస్ నెమ్మదించింది’ అనే ఫిర్యాదుగా వినిపిస్తుంది. విండోస్‌లో ఎంపీక్లెయిమ్ అనే ఆదేశంతో ఒక్కో డిస్క్‌కు ఎన్ని దారులు బతికి ఉన్నాయో అర నిమిషంలో తెలుస్తుంది. నాలుగు ఉండాల్సినచోట రెండు కనిపించాయంటే, ఇంకా ఏమీ జరగకముందే దోషం మీ చేతికి చిక్కినట్టే.

మూడో మెట్టు డిస్క్ ఆనవాలు. క్లస్టర్ ఒక డిస్క్‌ను డ్రైవ్ అక్షరంతో గుర్తుపెట్టుకోదు. డిస్క్ మీద రాసి ఉన్న సంతకం, స్టోరేజ్ పెట్టె ఇచ్చే ప్రత్యేక సంఖ్య, ఇవే దానికి గుర్తు. అందుకే పాత డిస్క్ పోయి, స్నాప్‌షాట్ (ఒక క్షణంలో డిస్క్ ఎలా ఉందో తీసి ఉంచిన ప్రతి) నుంచి తీసిన కొత్త లన్‌ను అదే చోట, అదే అక్షరంతో పెట్టినా క్లస్టర్ దాన్ని ఎరగనట్టే ఉంటుంది. డిస్క్ దొరకలేదంటూ 1034 సంఘటనను నమోదు చేస్తుంది. లోపల డేటా మొత్తం చెక్కుచెదరకుండా ఉన్నా సరే. ఇలాంటప్పుడు రిసోర్స్‌ను తీసేసి మళ్లీ మొదటి నుంచి కట్టే పని పెట్టుకోనక్కర లేదు. ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజర్‌లో డిస్క్ మీద ఉండే రిపేర్ అనే ఎంపిక కొత్త డిస్క్‌ను పాత రిసోర్స్‌కు జతచేస్తుంది, డిపెండెన్సీలు అలాగే నిలుస్తాయి. దీనికి తిరగబడిన చిక్కు మరొకటి ఉంది. అసలు డిస్క్ ఉండగానే దాని స్నాప్‌షాట్‌ను కూడా అదే సర్వర్‌కు చూపిస్తే రెండింటికీ ఒకే సంతకం ఉంటుంది. విండోస్ రెండోదాన్ని ఆఫ్‌లైన్‌లో ఉంచుతుంది. తొందరపడి ఆన్‌లైన్ చేస్తే దానికి కొత్త సంతకం రాసేస్తుంది. రేపు అసలు డిస్క్ పోయి ఆ ప్రతినే పెట్టాల్సి వస్తే, క్లస్టర్ దాన్ని గుర్తుపట్టదు.

ఇక డిపెండెన్సీ. ఎస్‌క్యూఎల్ సర్వర్ లేవకముందే దాని డిస్క్‌లన్నీ లేచి ఉండాలని క్లస్టర్‌కు చెప్పే గొలుసు ఇది. ఈ గొలుసులో లేని డిస్క్‌లో ఫైల్ పెట్టనివ్వకపోవడమే 5184. అది పెడసరం కాదు, ముందుచూపు. పెట్టనిస్తే, రేపు రెండో నోడ్ మీద డేటాబేస్ లేచేసరికి ఆ డిస్క్ అక్కడికి వచ్చి ఉంటుందన్న హామీ లేదు.

స్టోరేజ్ మీద నింద పడి, తీరా చూస్తే దానికి సంబంధమే లేని సందర్భం ఒకటి ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 నుంచి టెంప్‌డీబీని (తాత్కాలిక డేటా ఉంచే డేటాబేస్‌ను) పంచుకునే డిస్క్ మీద కాకుండా ఆ సర్వర్‌లోని సొంత డిస్క్ మీద పెట్టుకోవచ్చు. వేగం బాగుంటుంది, నేనూ అదే సూచిస్తాను. కానీ అదే పేరుతో ఫోల్డర్ రెండో నోడ్‌లో కూడా ఉండాలి, సర్వీసు ఖాతాకు అందులో రాసే అనుమతీ ఉండాలి. లేకపోతే ఫెయిలోవర్ జరిగినప్పుడు పంచుకునే డిస్క్‌లన్నీ పచ్చగా కళకళలాడుతుంటాయి, డేటాబేస్ మాత్రం లేవదు.

గడియారం చెప్పే సాక్ష్యం

పగటిపూట పట్టుకున్న చిక్కు ఒక ఎత్తు, అర్ధరాత్రి జరిగి తెల్లవారి తెలిసేది మరో ఎత్తు. ఇక్కడ లాగ్‌లే దిక్కు. మొట్టమొదట తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. క్లస్టర్ లాగ్‌లో సమయం మామూలుగా గ్రీన్‌విచ్ కాలమానంలో ఉంటుంది. విశాఖలో తెల్లవారుజామున 2:10కి జరిగినది అందులో ముందురోజు 20:40గా కనిపిస్తుంది. ఈ ఐదున్నర గంటల తేడా మరిచి, ఏ సంబంధమూ లేని చోట గంటల తరబడి వెతికినవాళ్లను చూశాను. గెట్-క్లస్టర్‌లాగ్ ఆదేశానికి స్థానిక సమయం వాడమని చెప్పవచ్చు, గడిచిన ఇన్ని నిమిషాలవి చాలని కూడా చెప్పవచ్చు. రెండూ చెప్పండి.

ఆ తరువాత మూడు చోట్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టుకోవాలి: విండోస్ సిస్టమ్ లాగ్, క్లస్టర్ లాగ్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎర్రర్ లాగ్. ఒక వానాకాలపు రాత్రి మాకు ఎదురైన వరుస ఇలా ఉంది. ముందుగా సిస్టమ్ లాగ్‌లో 153 సంఘటనలు, డిస్క్‌కు పంపిన పని మళ్లీ పంపాల్సి వచ్చిందని. అవి అంతకు రెండు వారాల ముందు నుంచే అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తున్నాయి. ఆ రాత్రి వాటి వెంట 129 వచ్చింది, పరికరం జవాబివ్వక రీసెట్ చేయాల్సి వచ్చిందని. ఎస్‌క్యూఎల్ లాగ్‌లో 833, చదవడానికో రాయడానికో 15 సెకన్లకు పైగా పట్టిందని. చిట్టచివర క్లస్టర్ నుంచి 1038, డిస్క్ మీద ఈ నోడ్‌కున్న హక్కు అనుకోకుండా పోయిందని. దాని వెంటే రిసోర్స్ విఫలమైందంటూ 1069.

పొద్దున వచ్చినవాళ్లు 1069 ఒక్కటే చూసి, క్లస్టర్ చెడిపోయిందని తీర్పు చెప్పారు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, 1069 నుంచి వెనక్కి నడిస్తే రెండు వారాల నాటి 153 దగ్గర తేలాం. పైన చెప్పిన దుమ్ము పట్టిన మాడ్యూల్ ఆ రాత్రిదే. క్లస్టర్ తన పని సరిగ్గానే చేసింది. దానికింద తీగ చెడింది.

825 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డిస్క్ నుంచి ఒక పేజీ చదవడం మొదట కుదరక, మళ్లీ ప్రయత్నిస్తే కుదిరినప్పుడు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ సందేశం రాస్తుంది. పని జరిగిపోయింది కాబట్టి దాని తీవ్రత 10 మాత్రమే, అంటే కేవలం సమాచారం. అందువల్ల తీవ్రతను బట్టి హెచ్చరికలు పంపే ఏర్పాటు చాలాచోట్ల దీన్ని వదిలేస్తుంది. 823, 824 లాంటి పెద్ద లోపాలు వచ్చాక కంగారు పడటం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. 825 వచ్చిన రోజే ఫోను మోగేలా విడిగా హెచ్చరిక పెట్టుకోవాలి. నా బాధ్యతలో ఉన్న ఏ సర్వర్‌లోనైనా నేను పెట్టే మొదటి హెచ్చరిక అదే.

కరెంటు తిరిగి వచ్చిన పూట

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో విశాఖ దగ్గరే తీరం దాటింది. ఊరు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఆ అనుభవం తరువాత ఇక్కడ సర్వర్ గదులు చూసేవాళ్లం కరెంటు పోవడం గురించి ఎంత ఆలోచిస్తామో, తిరిగి రావడం గురించీ అంతే ఆలోచించాలి. ఎందుకంటే పెద్ద స్టోరేజ్ పెట్టె పూర్తిగా లేవడానికి పట్టే సమయం సర్వర్ లేవడానికి పట్టేదానికంటే ఎక్కువ. అన్నింటికీ ఒకేసారి కరెంటు వస్తే సర్వర్లు ముందు లేచి, లేని డిస్క్‌ల కోసం తడుముకుంటాయి.

ఇక్కడే ఒక సెట్టింగ్ మనుషులను తికమక పెడుతుంది. రిసోర్స్ విఫలమైతే క్లస్టర్ అదే నోడ్ మీద మళ్లీ లేపి చూస్తుంది, కుదరకపోతే డిస్క్‌లు, డేటాబేస్ కలిసి ఉన్న మొత్తం సమూహాన్ని రెండో నోడ్‌కు పంపుతుంది. అలా ఎన్నిసార్లు పంపాలన్నదానికి హద్దు ఉంది. మామూలుగా అది 6 గంటల్లో, నోడ్‌ల సంఖ్య కంటే ఒకటి తక్కువసార్లు. అంటే రెండు నోడ్‌ల క్లస్టర్‌లో ఒక్కసారే. రెండోసారి విఫలమైతే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. స్టోరేజ్ ఆ తరువాత చక్కగా లేచినా డేటాబేస్ ఎరుపులోనే కనిపిస్తుంది, చూసినవాళ్లు డిస్క్ పోయిందనుకుంటారు. నిజానికి అన్నీ బాగున్నాయి, క్లస్టర్ ప్రయత్నం మానుకుంది, అంతే. దారులన్నీ బతికి ఉన్నాయని చూసుకుని చేత్తో ఆన్‌లైన్ చేస్తే సరిపోతుంది. అన్నింటికంటే మంచిది, స్టోరేజ్ లేచిన తరువాతే సర్వర్లకు కరెంటు వెళ్లేలా వరుస రాసి గోడకు అంటించడం.

అలా లేపుతున్నప్పుడు ఒక డిస్క్ ‘ఆన్‌లైన్ పెండింగ్’ అని నిమిషాల తరబడి నిలిచిపోవచ్చు. కరెంటు హఠాత్తుగా పోయిన డిస్క్ మీద ‘సరిగ్గా మూయలేదు’ అనే గుర్తు మిగిలి ఉంటుంది. అది చూసి క్లస్టర్, డిస్క్‌లోని తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్‌ను నడుపుతూ ఉండవచ్చు. అదలా పని చేస్తుంటే స్తంభించిపోయిందనుకుని నోడ్‌ను రీస్టార్ట్ చేయడం కంటే చెడ్డ పని లేదు. టాస్క్ మేనేజర్‌లో చెక్‌డిస్క్ కనిపిస్తే కుర్చీలో కూర్చోండి, ఓపిక పట్టండి.

కోరం డిస్క్ మీద అనవసర భయం

కోరం అన్న మాట తెలుగువాళ్లకు శాసనసభ వార్తల నుంచి తెలిసిందే. సగానికి మించి ఓట్లు ఉంటేనే క్లస్టర్ నడుస్తుంది. రెండు నోడ్‌లుంటే చెరో ఓటు, మూడోది విట్‌నెస్ అనే సాక్షి డిస్క్‌ది. కనీసం 512 ఎంబీ ఉండే చిన్న డిస్క్ చాలు. నోడ్‌ల మధ్య నెట్‌వర్క్ తెగి, ఒకదానికొకటి కనిపించనప్పుడు సాక్షిని ఎవరు దక్కించుకుంటే వాళ్లు నిలుస్తారు. అంతవరకే దాని పని. సాక్షి డిస్క్ ఒక్కటే పోతే రెండు ఓట్లు మిగులుతాయి, డేటాబేస్ ఆగదు. అర్ధరాత్రి దాని మీద హెచ్చరిక వస్తే నోడ్‌లను రీస్టార్ట్ చేయకండి. తెల్లవారాక కొత్తది పెట్టండి, మళ్లీ మర్చిపోకండి.

ఒరాకిల్ ర్యాక్‌లో లెక్క వేరు

2001లో ఒరాకిల్ 9ఐతో వచ్చిన రియల్ అప్లికేషన్ క్లస్టర్స్ (ర్యాక్)లో అన్ని నోడ్‌లూ ఒకే డిస్క్‌ల మీద ఒకేసారి రాస్తాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమిడేలా ఆ ఒరను కొత్తగా తయారు చేశారన్నమాట. ఏ బ్లాక్ ఎవరి చేతిలో ఉందో నోడ్‌లు ప్రైవేటు నెట్‌వర్క్ మీద ఎప్పటికప్పుడు మాట్లాడుకుంటాయి. కాబట్టి ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ‘ఎవరి వంతు’ కాదు, ‘అందరూ ఒకే డిస్క్‌ను ఒకేలా చూస్తున్నారా’ అన్నది.

లినక్స్‌లో ఈ ప్రశ్నే ఎక్కువగా బెడిసికొడుతుంది. నిన్న ఎస్‌డీబీగా ఉన్న డిస్క్ రీబూట్ తరువాత ఎస్‌డీసీ కావచ్చు. పేరును నమ్మినవాళ్లు వేరే డిస్క్ మీద పడతారు. డిస్క్ శాశ్వత సంఖ్యను పట్టుకుని మల్టీపాత్‌లో స్థిరమైన పేరు ఇవ్వాలి, యుడెవ్ (లినక్స్‌లో పరికరాల పేర్లు, అనుమతులు చూసేది) నియమాలతో యాజమాన్యం, అనుమతులు అన్ని నోడ్‌లలో ఒకేలా ఉంచాలి. ఒక నోడ్ మీద డిస్క్ గ్రూప్ చక్కగా మౌంట్ అయి, మరో నోడ్ మీద సరిపడా డిస్క్‌లు దొరకలేదంటూ 15063 లోపం వచ్చిందంటే డిస్క్ బాగానే ఉందన్నమాట. ఆ రెండో నోడ్‌కు అది కనిపించడం లేదు, లేదా చదివే అనుమతి లేదు.

ఇక్కడా ఓ ఉచ్చు ఉంది. డిస్క్‌లను గ్రూపులుగా నిర్వహించే ఒరాకిల్ సొంత ఏర్పాటు ఏఎస్‌ఎం వాడే డిస్క్ మీద లినక్స్‌కు తెలిసిన ఫైల్ సిస్టమ్ ఉండదు. జాబితాలో చూస్తే ఖాళీ డిస్క్‌లా కనిపిస్తుంది. జాగా కోసం వెతుకుతున్న సిస్టమ్ నిర్వాహకుడు దాన్ని తన వాల్యూమ్‌లో కలిపేసుకుంటే, ఆ డిస్క్ తలభాగం చెరిగిపోతుంది. మా కుర్రాడు విండోస్‌లో నొక్కబోయిన మాటకు ఇది తోబుట్టువు. డేటాబేస్ డిస్క్‌లను చూడగానే తెలిసేలా పేరు పెట్టడం, ఆ పేర్ల పట్టికను రెండు విభాగాల దగ్గరా ఉంచడం తప్ప దీనికి వేరే రక్ష లేదు.

తొందరలో ముట్టుకోకూడనివి

క్లియర్-క్లస్టర్‌డిస్క్‌రిజర్వేషన్ అనే ఆదేశం ఉంది. పాత క్లస్టర్ నుంచి వచ్చిన డిస్క్ మీద ఎవరూ విప్పని తాళం మిగిలిపోతే దాన్ని తీయడానికి అది. నడుస్తున్న క్లస్టర్‌లో డిస్క్ మొరాయిస్తోందని దాన్ని వాడితే, బతికున్న యజమాని చేతి నుంచి తాళంచెవి లాక్కున్నట్టే. అవతలి సర్వర్‌లో ఆ డిస్క్‌ను ఎవరూ వాడటం లేదని స్వయంగా చూసుకోకుండా దాని జోలికి పోకండి. క్లస్టర్ అమరిక సరిగ్గా ఉందో లేదో చూసే వ్యాలిడేషన్ పరీక్ష మంచిదే. కానీ స్టోరేజ్ పరీక్షలకు డిస్క్‌లను ఆఫ్‌లైన్ చేయాల్సి ఉంటుంది, కాబట్టి పని వేళల్లో ఆ భాగాన్ని వదిలి మిగతావి నడపండి.

ఇక ఆ నెలాఖరు మధ్యాహ్నం సంగతి. ఆ ఎన్ డిస్క్‌ను పెట్టె రెండు నోడ్‌లకూ ఇచ్చింది, దారులన్నీ బతికే ఉన్నాయి, ఫార్మాట్ బాగుంది. దాన్ని క్లస్టర్‌లో చేర్చడం ఒక్కటే ఎవరూ చేయలేదు. మామూలు డిస్క్‌లా మొదటి నోడ్‌లో తెరిచి వదిలేశారు. క్లస్టర్‌లో లేదు కాబట్టి దాని మీద రిజర్వేషన్ కూడా లేదు. రెండో నోడ్‌లో ఆన్‌లైన్ చేసి ఉంటే ఆపేవాళ్లు ఎవరూ లేరు. ఒకే ఒక్క కాపలా అన్నది అందుకే.

కుర్రాడిని మొదటి నోడ్ ముందు కూర్చోబెట్టి అతని చేతే చేయించాను. క్లస్టర్ మేనేజర్‌లో డిస్క్‌ను చేర్చాడు, ఎస్‌క్యూఎల్ సర్వర్ సమూహంలోకి మార్చాడు, డిపెండెన్సీలో మిగతా డిస్క్‌ల పక్కన దీన్నీ రాశాడు. ఈ కాలపు వెర్షన్లలో దీని కోసం డేటాబేస్‌ను ఆపనక్కర లేదు. 5184 మళ్లీ రాలేదు, ఫైల్ చేరింది. కానీ పని అక్కడితో అయిపోలేదని చెప్పాను.

సాయంత్రం కార్యాలయం ఖాళీ అయ్యాక సమూహాన్ని రెండో నోడ్‌కు మార్చాం. ఎన్ డ్రైవ్ అక్కడ తెరుచుకుంది, డేటాబేస్ లేచింది, అతను ఒక పట్టిక తెరిచి వరుసలు లెక్కపెట్టి చూశాడు. తరువాత మొదటి నోడ్‌లోకి వెళ్లి డిస్క్‌ల జాబితా తెరిచాడు. అక్కడ ఇప్పుడు అదే డిస్క్ పక్కన ‘రిజర్వ్‌డ్’ అని ఉంది. కొంతసేపు దాన్నే చూసి, ఏమీ నొక్కకుండా కిటికీ మూసేశాడు.